ఇంపాలా కారు వెనక డోరు

నేను చెప్పే ఏ కథలోనైనా సగం తీసెయ్యమని మా మనవరాలు సౌమ్య వినేవాళ్లకు ముందే చెప్పిపెడుతుంది. తీసెయ్యండి. పాము పొడవు తగ్గించుకోండి, దెబ్బల్లో కొన్ని వదిలెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ డోరు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి. అది నేను పట్టపగలు, గోడ మీద గడ్డం ఆనించి, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

దేవ్‌సింగ్‌ది మా పక్కిల్లు. సూర్యాపేటలో కుడకుడ రోడ్డు పట్టుకుని కాస్త లోపలికి వస్తే ముందు అతని సుత్తి చప్పుడు వినిపిస్తుంది, తరువాత మా ఇల్లు కనిపిస్తుంది. లారీలకు సొట్టలు తీసే డెంటర్ అతను. హైవే మీద రెండు లారీలు గుద్దుకుంటే మనుషులను దవాఖానకు, క్యాబిన్లను దేవ్‌సింగ్ ఇంటికి తెస్తారు. చాలాసార్లు క్యాబిన్లే ముందు కోలుకుంటాయి. అతను సుత్తి ఎడమచేత్తో పడతాడు. కుడిచేతి వేళ్లు నాలుగూ మధ్యలో విరిగి, కొక్కెంలా వంగి, అలాగే అతుక్కుపోయాయి. రేకు వెనక ఇనుప దిమ్మెను ఆ కొక్కెంతో అదిమిపట్టి ముందువైపు నుంచి కొడతాడు.

మనిషికి మాటలు తక్కువ. నోటితో చెప్పాల్సినవి చాలావరకు చేత్తోనే చెప్పేస్తాడు. ఒక లారీ డ్రైవర్ లంబాడీ తండాల గురించి ఏదో కూసినందుకు వాణ్ని ఎత్తి టైరులో కుదేశాడు. నడుము దాకా దిగిపోయిన ఆ డ్రైవర్‌ను బయటికి తీయడానికి పంక్చర్ షాపువాణ్ని పిలవాల్సి వచ్చింది. ఇంకోసారి తాగివచ్చి వాగిన క్లీనర్‌కు ఒక్కటిస్తే వాడి ముందు పన్ను ఎగిరి మా తులసికోటలో పడింది. నేను దాన్ని కాగితంలో చుట్టి వాడికి తిరిగి ఇచ్చాను. దొరికిన వస్తువు ఎవరిది వాళ్లకు ఇచ్చెయ్యాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు మరి.

అతని భార్య రంగి సంగతి వేరు. చిన్న మనిషి. కోపమంతా నోటితోనే తీర్చుకుంటుంది. ఆమె చెయ్యి లేవగా నేను చూసింది రెండేసార్లు. రెండూ ఆ కారు మీదే.

వాళ్ల కొడుకు జితేందర్ లారీ నడుపుతాడు. ఆ రోజు కోదాడ నుంచి ఫోన్ చేశాడు. దేవ్‌సింగ్ ఫోన్‌ను పక్కన పెట్టి స్పీకర్‌లోనే మాట్లాడతాడు కాబట్టి గోడ ఇవతల నాకూ వినిపించింది. తండాల్లో తండ్రిని బా అంటారు.

"బా, నేను పుట్టిన కారు గీడున్నది. పాత ఇనుప సామాన్లోల్ల దొడ్ల. మిర్యాలగూడ మిల్లు సామాన్ల వచ్చిందంట. గ్యాస్ కట్టర్ తోని కొయ్యనీకె తయారైతున్నరు."

దేవ్‌సింగ్ సుత్తి కింద పెట్టలేదు. సుత్తితోనే బైకెక్కి, నన్ను వెనక ఎక్కమన్నాడు.

"నేనెందుకయ్యా?"

"సాక్ష్యం గావాలె సారూ."

దేనికి సాక్ష్యమో చెప్పలేదు. ఆ బైకు వేగానికి మునగాల దగ్గర ఊడిన నా చెప్పు మా వెంటే దొర్లుకుంటూ కోదాడ దాకా వచ్చింది.

దొడ్డి నిండా తుప్పు గుట్టలు. వాటి మధ్య పడవంత పొడవున్న ఇంపాలా కారు. వెనకవైపు రెండు రెక్కలు. ఒకప్పుడు ఆకాశం రంగు అయి ఉండాలి. అద్దాలు లేవు, టైర్లు చివికిపోయాయి, కన్నమున్న ప్రతిచోట నుంచీ వడ్ల ఊక కారుతోంది. డిక్కీ దగ్గర ఒకడు మోకాళ్ల మీద కూర్చుని గ్యాస్ మంటను రేకుకు ఆనించాడు.

దేవ్‌సింగ్ వాడి వీపు మీద తన్నాడు. మంట గాల్లో అరచుట్టు తిరిగి దేవ్‌సింగ్ చొక్కాకే అంటుకుంది. ఆర్పుకోలేదు. వంగి ముందు సిలిండర్ గ్యాస్ కట్టేశాడు, ఆ తరువాతే చొక్కా చింపి పారేశాడు. భుజం మీద చర్మం ఉడికిన బంగాళదుంప తొక్కలా లేచింది. అప్పటికే దొడ్డి యజమాని సుధీర్, వాడి మనుషులు రాడ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఏందయ్యా పెద్దాయనా! మంటకి ఎదురొస్తావేంది? సచ్చిపోయేవాడివి గదా! ఎవరు నువ్వు?" అని అరిచాడు సుధీర్.

"దీన్ని కొయ్యొద్దు."

"మిర్యాలగూడ మిల్లు సామానంతా నేను కొన్నాను. కోసుకుంటాను, కాల్చుకుంటాను, నా ఇష్టం. నువ్వెవరు సెప్పడానికి?"

"కొయ్యొద్దన్న."

మొదటి రాడ్డు కాలిన భుజం మీదే పడింది. రెండోది నుదుటి మీద పడి కనుబొమ్మ చీలింది. దేవ్‌సింగ్ ఒకణ్ని కాలర్ పట్టి లాగి వాడి ముఖాన్ని పాత లారీ రేడియేటర్‌కు రుద్దాడు. ఆ రేడియేటర్ గళ్లు వాడి బుగ్గ మీద అచ్చుపడ్డాయి. ఇంకొకడి మోకాలు సుత్తి దెబ్బకు దొరికింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చలికాలంలో నా మోకాలు నొప్పి పెట్టినప్పుడల్లా వినిపిస్తుంది. తరువాత అందరూ కలిసి అతన్ని కింద పడేసి కుమ్మారు. నేనేం చేశానని అడగకండి. సాక్ష్యంగా నిలబడ్డాను, డ్రమ్ము వెనక.

వాళ్లు అలిసిపోయి ఆగారు. దేవ్‌సింగ్ పాక్కుంటూ వెళ్లి కారు బానెట్ మీద బోర్లా పడుకున్నాడు. ముక్కులోంచీ నుదుటి మీంచీ నెత్తురు కారి తుప్పులో ఇంకుతోంది.

"ఇగ కొయ్యి. నన్ను గూడ కలిపి కొయ్యి," అన్నాడు.

సుధీర్ తల పట్టుకున్నాడు. "ఓరి నాయనో, తీసుకుపోవయ్యా! పాత ఇనుము తూకానికే ఇస్తాను. నీ నెత్తురు తూకం మాత్రం నాకొద్దు."

జితేందర్ తన లారీలో ఎక్కించుకుని కారును సూర్యాపేటకు తెచ్చాడు. లారీ చప్పుడుకు రంగి గుమ్మంలోకి వచ్చింది. మొగుడి పగిలిన ముఖం చూసింది, వెనక కారును చూసింది. లోపలికి వెళ్లి రోకలి తెచ్చి, ఆ కారుకు మిగిలిన ఒకే ఒక్క ముందు లైటును పగలగొట్టింది. గాజు ముక్కలు మా వాకిలి దాకా వచ్చాయి.

"నీ చెయ్యి తిన్నదాన్ని ఇంటికి తెస్తవా? సిగ్గున్నదా నీకు? అగ్గి పెడ్త దీనికి!"

"అగ్గి పెట్టు," అన్నాడు దేవ్‌సింగ్ నెత్తురు తుడుచుకుంటూ. "ఎనక డోరు మాత్రం ఇడిసిపెట్టు."

ఆ చెయ్యి ఎలా విరిగిందో అన్నేళ్లు పక్కనే ఉన్నా నాకు తెలియదు. లారీ కింద పడిందనుకునేవాణ్ని. ఆ సాయంత్రం గాజు ముక్కలు ఏరుతూ రంగి చెప్పింది.

పెళ్లైన కొత్తలో దేవ్‌సింగ్ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు సేటు దగ్గర ఈ ఇంపాలాకు డ్రైవరు. రంగి నిడమనూరు అవతల తండాలో నిండు నెలలతో ఉంది. వానలు. బస్సులు ఆగిపోయాయి. సేటు రైలెక్కి హైదరాబాద్ పోయాడు. నొప్పులు మొదలయ్యాయని కబురందగానే దేవ్‌సింగ్ ఎవరినీ అడక్కుండా కారు తీసుకెళ్లి భార్యను వెనక సీట్లో పడుకోబెట్టాడు. మిర్యాలగూడ దవాఖాన దాకా రాలేదు. సాగర్ కాలువ వంతెన దగ్గరే, తెల్ల సీటు మీద, జితేందర్ పుట్టాడు.

సేటు వచ్చి సీటు చూశాడు. ఎంత కడిగినా మరక పోలేదు. మిల్లు ఆవరణలో, కూలీలందరి ముందు దేవ్‌సింగ్‌ను పిలిపించాడు. సేటు కొడుకు గోవర్ధన్ అప్పటికి మీసాలు కొత్తగా వచ్చిన కుర్రవాడు. దేవ్‌సింగ్ మణికట్టు పట్టుకుని వెనక డోరు సందులో అదిమిపెట్టింది అతనే. సేటు డోరు వేశాడు. తెరిచి, మళ్లీ వేశాడు. తరువాత గోవర్ధనే స్కూటర్ మీద దవాఖానకు తీసుకెళ్తూ దారిలో చెప్పాడట: "డాక్టరుకు గాలికి డోరు పడ్డదని చెప్పు. ఇంకోటి చెప్తే రెండో చెయ్యి గూడ ఉన్నది నీకు." దేవ్‌సింగ్ అలాగే చెప్పాడు.

కారు మాత్రం మైలపడిందన్నారు. సేటు భార్య పసుపు నీళ్లు చల్లించింది, అయినా ఎక్కనంది. అమ్మితే ఎందుకమ్మావని నలుగురూ అడుగుతారు. అందుకని దాన్ని ఊక కొట్టంలోకి తోసి, మీద ఊక పోయించారు. ఇన్నేళ్లూ అక్కడే ఉంది. సేటు పోయాడు, మిల్లు మూతపడింది. గోవర్ధన్ పాత సామానంతా అమ్మేశాడు, ఊకలో ఏముందో చూడకుండానే.

ఆ కారుతో దేవ్‌సింగ్ చేసినదాన్ని మరమ్మతు అనడానికి నాకు నోరు రాదు. కొట్లాటే. లారీ పని అయిపోగానే దాని మీద పడేవాడు. సుత్తి పడిన ప్రతిసారీ ఎక్కడో దాక్కున్న ఊక గుప్పున బయటికొచ్చేది. రంగి తిట్టుకుంటూ చేటలకొద్దీ ఎత్తి పోసేది, మర్నాటికి మళ్లీ అంతే. సీట్లు చీలిస్తే ఎలుకల సంసారాలు బయటపడ్డాయి. వాటిని ఇనుప పైపుతో ఒక్కొక్కదాన్నే చంపాడు. గోడంతా ఎర్రటి చుక్కలు. డ్యాష్‌బోర్డు వెనక నుంచి నాగుపాము పడగ లేపినప్పుడు దాని తోక ఇంకా డిక్కీలోనే ఉంది. ఆ కారు పొడవు తెలిసిన సౌమ్య ఈ పామును సగానికి కోస్తుంది. సరే, సగమే అనుకోండి. ఆ సగం పామును దేవ్‌సింగ్ పట్టకారుతో మెడ దగ్గర పట్టి నొక్కేశాడు.

ఇంజన్ బిగుసుకుపోయింది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో కిరోసిన్, డీజిల్ పోసి నాననిచ్చాడు. తరువాత కారును గేరులో పెట్టి, జితేందర్ లారీకి గొలుసుతో కట్టి లాగించాడు. మొదటిసారి గొలుసు తెగి కొరడాలా తిరిగొచ్చి మా ప్రహరీ గోడ మూలను ఎగరగొట్టింది. అక్కడ ఒక్క క్షణం ముందు నా తల ఉండేది. రెండోసారి లోపల ఏదో గొంతు కోసినట్టు అరిచి, చక్రాలు తిరిగాయి. పొగగొట్టంలోంచి ఊక తుపాకీ రవ్వల్లా వచ్చి ఆరేసిన మా పంచెలకు తూట్లు పొడిచింది. ఇంజన్ పలికింది.

అడుగు భాగానికి లారీ క్యాబిన్ రేకులు వెల్డింగ్ చేశాడు. బంపర్లకు హైదరాబాద్‌లో మెరుపు పూత వేయించాడు. రంగు ఆకాశం రంగే వేశాడు. వెనక సీటుకు రెక్సిన్ ఏ రంగు వేయాలని కుట్టేవాడు అడిగితే, "తెల్లది," అన్నాడు.

మూడు డోర్లు మామూలుగా బాగయ్యాయి. నాలుగోదాన్ని, ఆ వెనక డోరును, వేరే పని పెట్టుకుని చేశాడు. వేలాడే కీళ్లు మార్చాడు, తాళం పళ్లు కొత్తగా కోయించాడు, వేసేవాడు, తీసేవాడు, చెవి ఆనించి వినేవాడు. ఒకరోజు ఆ డోరు సందులో సొరకాయ పెట్టి వేశాడు. సొరకాయ నీళ్లయిపోయింది. మర్నాడు చెరకు గడ పెట్టాడు. ఆ తరువాత మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక కాలి ఎముక పెట్టి వేసి, విరిగినచోట వేలితో తడిమి చూసుకున్నాడు.

"ఏం చేస్తున్నవయ్యా?" అన్నాను గోడ మీంచి.

"డోరు మంచిగ పడ్తున్నదా లేదా సూస్తున్న."

"మేక ఎముక తోనా?"

"మనిషి ఎముక దొరకలే సారూ."

నవ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది. అతను కారును బాగు చేయడం లేదు, బోను కడుతున్నాడు. ఆ రోజే జితేందర్‌తో ఫోన్‌లో వీడియో తీయించి పెట్టించాడు. మిర్యాలగూడ పాత సేటు ఇంపాలా, సూర్యాపేటలో మళ్లీ తయారైంది అని. గోవర్ధన్ దాకా వెళ్లడానికి ఎంతసేపు?

రంగికి ముందే అర్థమైంది. ఆ డోరు కీళ్ల పిన్నులు లాగి సంపులో పారేసింది. అతను లేత్ మిషన్ మీద కొత్తవి చేయించాడు. ఆమె అన్నం వండటం మానేసింది. అతను హోటల్లో తిన్నాడు. చివరికి గోడ దగ్గరికి వచ్చింది.

"సారూ, సదువుకున్నోనివి, నువ్వన్న జర చెప్పు. వాని చెయ్యి ఇరిగితే ఈయనను పోలీసోల్లు తీస్కపోతరు. అప్పుడు చెయ్యి పాయె, ఇప్పుడు మనిషినే ఇయ్యాల్నా నేను?"

వెళ్లాను. క్షమించడం గురించి కాసేపు మాట్లాడాను. సుత్తి ఆపి విన్నాడు.

"క్షమించుమని మీ కాన్వెంటుల నేర్పిచ్చిర్రా?"

"నేర్పారు."

"ఎట్ల నేర్పిచ్చిర్రు?"

నేను అబద్ధం ఆడదామనుకుని, ఎందుకో ఆడలేకపోయాను. "స్కేలు తోని వేళ్ల మీద కొట్టి."

అతను కొక్కెం చేతిని పైకెత్తి చూపించాడు. "నాకు గూడ గట్లనే నేర్పిచ్చిర్రు. నాకింక రాలే."

లారీవాళ్లలో ఒక పద్ధతి ఉంది. దెబ్బతిన్న బండి బాగై మళ్లీ రోడ్డెక్కే ముందు చక్రం ముందు కోడిని కోస్తారు. బండి అడిగే నెత్తురు ముందే ఇచ్చేస్తే రోడ్డు మీద మళ్లీ అడగదని నమ్మకం. కోడిని కోయకుండా దేవ్‌సింగ్ ఇంటి నుంచి ఒక్క లారీ కూడా కదలదు. రంగి ఒక ఎర్ర పుంజును తెచ్చి ఇంపాలా బంపర్‌కు కట్టేసింది.

"కొయ్యి. కోసి బండి బయటికి తీయి. ఎవనికన్న ఇచ్చెయ్యి. ఇంతటితోని ఖతం జెయ్యి."

"దీనికి కోడి సాలదు," అన్నాడు.

పుంజు అక్కడే ఉండిపోయింది. నూకలు తిని బలిసింది.

గోవర్ధన్ ఒక మధ్యాహ్నం వచ్చాడు. తెల్ల కారు, తెల్ల బట్టలు, ఇద్దరు మనుషులు. ఇప్పుడు అతనిది పెద్ద వయసు, వేళ్లకు ఉంగరాలు. మిర్యాలగూడలో ఫంక్షన్ హాలు కట్టాడట. గేటు ముందు తండ్రి కారును నిలబెట్టి పూలదండ వెయ్యాలని అతని కోరిక. ఇంపాలాను చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే.

"ఎవరయ్యా చేసింది, నువ్వేనా? అబ్బ! మా నాయన మల్లొచ్చినట్టున్నది."

"ఎనక సీటు సూడు సేటు," అన్నాడు దేవ్‌సింగ్. కొక్కెం చేత్తో వెనక డోరు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

"నిన్నెక్కడ్నో చూసిన. మా మిల్లుల పనిచేసినవా?"

"డ్రైవర్‌ను. దేవ్‌సింగ్."

"శానామంది డ్రైవర్లు మారిర్రులే." అతని చూపు ఆ వేళ్ల మీద పడింది. "పాపం, లారీ కిందగిట్ల వడ్డదా చెయ్యి?"

దేవ్‌సింగ్ ముఖంలో రంగు పోయింది. రాడ్లతో కొట్టినప్పుడు కూడా అతని ముఖం అలా కాలేదు. అన్నేళ్లు ఆ చేత్తో అన్నం తిన్నాడు, సుత్తికి దిమ్మె పట్టాడు, మనుషులను కొట్టాడు. దాన్ని విరిచినవాడికి అది గుర్తే లేదు.

గోవర్ధన్ లోపలికి వంగాడు. ఆసరాకు ఎడమచెయ్యి డోరు చట్రం అంచున ఆనించాడు. సరిగ్గా అక్కడే. ఉంగరాల వేళ్లు నాలుగూ సందులో ఉన్నాయి.

నేను గోడ ఇవతల కళ్లద్దాలు తుడుచుకున్నాను. రంగి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పుంజు మాత్రం నూకలు ఏరుకుంటోంది.

దేవ్‌సింగ్ డోరు వెయ్యలేదు. హ్యాండిల్ మీద ఉన్న అతని చెయ్యినే నేను చూస్తున్నాను. ఎడమచేత్తో ఎంతమంది ఎముకలైనా విరగ్గొట్టగలడు. డోరు మధ్య వేళ్లు నలిగితే ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి మాత్రం ముందుకు రానంటోంది. సొరకాయ మీద వచ్చింది, మేక ఎముక మీద వచ్చింది, ప్రాణమున్న వేళ్ల మీదికి రావడం లేదు. అతని పట్టు సడలడం కూడా చూశాను. ఇంకొక్క క్షణం అయితే డోరు వదిలేసి పక్కకు జరిగేవాడు.

సరిగ్గా అప్పుడే గోవర్ధన్ ముక్కు ఎగబీల్చి నవ్వాడు.

"అప్పట్ల ఒక లంబాడిది ఈ కార్లనే కన్నది, ఎరికేనా? థూ! మా అమ్మ ఎన్ని పసుపు నీల్లు సల్లిచ్చినా ఎక్కలే. బంగారమసొంటి కారును కరాబు జేసింది. ఆ వాసనగిట్ల లేదు గదా ఇప్పుడు?"

విరిచిన చెయ్యి గుర్తులేదు. ఆ నెత్తురు గుర్తుంది.

చీపురు కిందపడింది. రంగి వచ్చి భుజంతో మొగుణ్ని పక్కకు తోసి, రెండు అరచేతులతో డోరు వేసింది.

మేక ఎముక చప్పుడే. దాని మీద గోవర్ధన్ అరుపు. రంగి డోరు తెరిచింది. అయిపోయిందనుకున్నాం అందరం.

"అది నా మొగని చెయ్యికి," అంది. "ఇది నా కాన్పుకు." మళ్లీ వేసింది.

అతని మనుషుల్లో ఒకడు రంగి జుట్టు పట్టుకుని లాగాడు. దేవ్‌సింగ్‌కు ఎడమచెయ్యి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వీల్ పానాతో మోచేతి మీద ఒక్కటిస్తే వాడి చెయ్యి వెనక్కి వంగింది. రెండోవాడు కత్తి తీసి దేవ్‌సింగ్ చెంపను చెవి దాకా చీల్చాడు. నేను గోడ మీంచి పూలకుండీ ఎత్తి విసిరాను. గురి తప్పలేదనే అంటాను, కాకపోతే అది దేవ్‌సింగ్ కాలి మీద పడింది. అతను వంగాడు, రెండోసారి వచ్చిన కత్తి తల మీంచి పోయింది. ఇంతలో పుంజు తాడు తెంపుకుని కత్తివాడి ముఖం మీదికి ఎగిరింది. దీన్ని కూడా సౌమ్య కోసేస్తుంది, కోసుకోనివ్వండి. వాడు కళ్లు మూసుకుని వెనక్కి నడిచినచోట పానా ఎదురైంది. రెండు పళ్లు. ఇద్దరూ పడుతూ లేస్తూ తెల్ల కారెక్కి, యజమానిని వదిలేసి పోయారు.

గోవర్ధన్ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఉంగరాలు మాంసంలోకి దిగిపోయాయి. తెల్ల చొక్కా ముందంతా ఎర్రగా అయింది. దేవ్‌సింగ్ చెంప మీంచి నెత్తురు కారుతుండగా అతన్నే చూస్తూ నిలబడ్డాడు.

"సూస్తవేంది?" అంది రంగి. జుట్టు ముడి వేసుకుంటోంది. "ఎక్కియ్యి. దవాఖానకు తీస్కపోదాం."

"మన కార్లనా?"

"ఇంకెవని కార్ల? వాని కారు వాన్ని ఇడిసిపెట్టి ఉరికింది గదా."

నలిగిన చేతికి నా కండువా చుట్టి, వెనక తెల్ల సీటు మీద గోవర్ధన్‌ను పడుకోబెట్టాం. రంగి ముందు సీట్లో కూర్చుంది. నేను సాక్ష్యాన్ని కాబట్టి వెనక, అతని కాళ్ల దగ్గర. అలా ఇంపాలా మొదటిసారి రోడ్డెక్కింది. జనం పక్కకు జరిగి చూశారు. మలుపు తిరిగినప్పుడల్లా నెత్తురు సీటు మీద అటూ ఇటూ పారింది. గోవర్ధన్ మూలుగుతూ, ముందు స్టీరింగ్ మీద వంకరగా ఉన్న ఆ నాలుగు వేళ్లనే చూస్తున్నాడు. కొత్త బస్టాండు దాటాక అతని మూలుగు ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

దవాఖానలో డాక్టరు కట్టు విప్పుతూ అడిగాడు. "ఎట్లా అయింది ఇది?"

గోవర్ధన్ గోడకు ఆనుకున్న దేవ్‌సింగ్‌ను చూశాడు. భయమో, సిగ్గో, రెండూనో. పెదాలు తడుపుకున్నాడు.

"గాలికి… గాలికి డోరు పడ్డది సార్."

"గాలి గాదు సార్," అంది రంగి. "నేనే ఏసిన. రెండుసార్లేసిన."

డాక్టరు రాయబోతున్న పెన్ను ఆగింది.

"గాలే," అన్నాడు గోవర్ధన్ గబగబా. "గాలే సార్. రాసుకోండి, గాలి."

డాక్టరు కిటికీలోంచి బయట వేపచెట్టు వైపు చూశాడు. ఆకు కదలడం లేదు. మా అందరి ముఖాలూ చూసి, రాసుకున్నాడు. దేవ్‌సింగ్ చెంపకు కుట్లు వేస్తూ ఇది కూడా గాలేనా అని అడిగాడు. అది పూలకుండీ వల్ల అని చెప్పాను. ఎంతోకొంత నిజం ఉంటుందని.

ఆ తరువాత చాలా రోజులు జీపు చప్పుడు వినిపిస్తే చాలు, రంగి మొగుడికి అడ్డంగా వచ్చి నిలబడేది. పోలీసులు రాలేదు, గోవర్ధన్ రాలేదు. ఫంక్షన్ హాలు ముందు వేరే ఏదో ఏనుగు బొమ్మ పెట్టారట.

దవాఖాన నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం రంగి బకెట్లతో నీళ్లు తెచ్చి వెనక సీటు కడిగింది. దేవ్‌సింగ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం సగం కట్టులో ఉంది.

"రెక్సిన్ మార్పిస్త తియ్యి," అన్నాడు.

"ఎందుకు? నెత్తురు వడితే కారును తీస్కపోయి ఊకల పారేస్తరా ఎవరన్న? కడిగితే పోతది." గట్టిగా తోమింది. నీళ్లు ఎర్రగా, తరువాత లేతగా, తరువాత మామూలుగా పారాయి. కుట్ల మధ్య సన్నని గీత మాత్రం ఉండిపోయింది. ఆమె దాన్ని కాసేపు చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తుకుని కారెక్కి, ఆ తడి సీటు మీదే కూర్చుంది. కారు ఇంటికి వచ్చాక అందులో ఆమె వెనక కూర్చోవడం అదే మొదటిసారి.

"కోడి ఏదే?" అన్నాడు దేవ్‌సింగ్. "చక్రం ముందర కొయ్యలే."

"దానెనుక ఎందుకు పడ్తవ్? బండికి ఇయ్యాల్సింది ఇచ్చినం. నడుపు."

"యాడికి?"

"మిర్యాలగూడ. అప్పుడు కాలువ కాడ్నే ఆగిపోతిమి."

ఇప్పుడు ఆ ఇంపాలా పెళ్లిళ్లకు కిరాయికి తిరుగుతోంది. రెండు దెబ్బలకు వెనక డోరు కీళ్లు కాస్త జారాయి. పైకెత్తి, నెమ్మదిగా వేస్తేనే పడుతుంది. సూర్యాపేటలో అందరి సొట్టలూ తీసే దేవ్‌సింగ్ దాన్ని ముట్టుకోడు. పెళ్లికూతుర్లు ఎక్కేటప్పుడు రంగి స్వయంగా వచ్చి డోరు పట్టుకుంటుంది. ఎంత గొప్పవాళ్లయినా, ఎంత తొందరలో ఉన్నా, ఆమె వెయ్యదు.

"చెయ్యి తియ్యి బిడ్డా," అంటుంది. "ముందుగాల చెయ్యి తియ్యి."